స్పెయిన్‌లో ఫ్రెండ్స్ కావాలంటే ముందు ‘కెదార్’ పట్టుకోండి

మాడ్రిడ్‌లో మాస్టర్స్‌కి వస్తున్నా, ఫ్రెండ్స్‌తో కలవడం, తిరగడం గురించి మాట్లాడాలంటే స్పానిష్‌లో ఏం నేర్చుకోవాలి అని అడిగారు కదా. నేను ఇక్కడే ఉంటా కాబట్టి గట్టిగా చెప్తున్నా, ముందు ‘కెదార్’ అనే క్రియ, అంటే కలవడం, పట్టుకోండి, మిగతావన్నీ తర్వాత. ‘కెదామోస్?’ అంటే కలుద్దామా అని. సోమవారం ఆఫీసులో వీకెండ్ ఎలా గడిచింది అంటారు, ‘కెదే కోన్ ఉనోస్ అమీగోస్’ అంటే చాలు, ఫ్రెండ్స్‌ని కలిశానని అర్థమైపోతుంది.

నేను వెళ్ళిన లాంగ్వేజ్ క్లాసులో ఇవేవీ చెప్పలేదండీ, అంత ఫీజు తీసుకుని నెలల తరబడి మా అన్నయ్య పొడుగ్గా ఉంటాడు, పెన్ను టేబుల్ మీద ఉంది, ఇదే గోల.

నాకు అసలు స్పానిష్ వచ్చింది ఒక ఆదివారం. కొలీగ్ ఒకమ్మాయి రాస్త్రోకి వెళ్తున్నాం వస్తావా అంది, అది ఇక్కడ ఆదివారం సంత, ‘మే అపుంతో’ అన్నా, అంటే నన్నూ కలుపుకోండి అని. సంత తిరిగేసి మధ్యాహ్నానికి లా లతీనా అనే పేటలో కావా బాహా వీధికి చేరాం, ఒక బార్‌లో నిలబడే ఒక గ్లాసు, ఒక ప్లేటు, అవ్వగానే పక్క బార్, రౌండుకి ఒకరు చొప్పున డబ్బులు కడుతున్నారు. నేను మందు ముట్టను, ‘మోస్తో’ అడిగా, అది ద్రాక్షరసం, ఎవరూ వింతగా చూడలేదు. నా వంతు రాగానే ‘ఇన్వీతో యో’, నేనిస్తా అన్నా, అప్పట్నించి నేను వాళ్ళలో ఒకణ్ణి అయిపోయా. చీకటి పడుతుంటే ‘లా పెనూల్తిమా’ అన్నారు, చివరిదానికి ముందుది అని, చివరిది అనకూడదంట, మనం గుమ్మం దగ్గర వెళ్తా అనకుండా వెళ్ళొస్తా అన్నట్టే. ఆ పెనూల్తిమా తర్వాత ఇంకో రెండు బార్లు తిరిగాం!

మనవాళ్ళ మీద నాకు ఒకటే కోపం. వీకెండ్ మొత్తం ఫ్లాట్‌లో మనలో మనమే బిర్యానీ వండుకుని కూర్చుని, రెండేళ్ళైనా భాష రాలేదంటారు. ఆ బిర్యానీకే ఇద్దరు స్పానిష్ వాళ్ళని పిలవండి, తిన్నాక లేవరు, గంటలు గంటలు కబుర్లు, దాన్ని ‘సోబ్రెమేసా’ అంటారు, ఏ క్లాసులోనూ అంత భాష రాదు.

ఇంకోటి, యూట్యూబ్‌లో స్పెయిన్ వాళ్ళు చేసిన వీడియోలే చూడండి. వెళ్దామనిపిస్తోందా అనడానికి ఇక్కడ ‘తే అపెతేథే’ అంటారు, మెక్సికో వాళ్ళది ‘సే తే అంతోహా’. డిన్నర్‌కి పిలిస్తే తొమ్మిది దాటాకే, సాయంత్రం ఏదన్నా తినే బయల్దేరండి.