మీది కొట్టు టోకెన్ కాదండీ, చిల్లు కానీ నాణెం

విజయనగరంలో మీ తాతగారి గల్లాపెట్టెలో దొరికిన చిల్లు బిళ్ల యుద్ధకాలపు కొట్టు టోకెనా అని అడిగారు. ఫోటోలో చిల్లు పైన కిరీటం, 1943 కనిపిస్తున్నాయి కదా, అది సర్కారువారి కానీయే. అప్పట్లో రూపాయికి 64 కానీలు. యుద్ధానికి లోహం కావాలి, జనమేమో చిల్లర దాచేసుకున్నారు. పాత కానీ నాణెం దాదాపు 5 గ్రాములుంటే, దీన్ని చిల్లు పెట్టి 2 గ్రాములకు తెచ్చారు. తూచి చూడండి, తేలిపోతుంది.

కొట్టువాళ్లు చిల్లరకు బదులిచ్చిన బిళ్లయితే షాపు పేరు, విలువ ఉండాలి. ఇక మీ దగ్గరున్న రెండో బిళ్ల ఇత్తడిది, దాని మీద ఉత్త నంబరే ఉంది, కాబట్టి ఏ మిల్లులోనో హాజరు బిళ్ల కావచ్చు.

దయచేసి చింతపండుతో మాత్రం తోమకండి! మా ఇంట్లో అలాగే రెండు పాడయ్యాయి.