డాక్టర్ సలహా: ఆటకు ముందు నొప్పి మాత్ర, మెట్లెక్కితే ‘గ్యాస్’

ప్రశ్న: డాక్టర్ గారూ, నాకు 43 ఏళ్లు. గాజువాకలో ఉంటాను. కాలేజీ రోజుల నుంచి బాస్కెట్‌బాల్ ఆడుతున్నాను. ఎత్తు 6 అడుగులు, బరువు 94 కిలోలు. వానలకు కోర్టు మూసేశారు, మళ్లీ సంక్రాంతి టోర్నమెంటుకే ఆట. ఈలోగా 10 కిలోలు తగ్గి పాత జంప్ తెచ్చుకోవాలని ఉంది. అన్నం, పిండి పదార్థాలు బాగా తగ్గించి కొవ్వు ఎక్కువ తినే కీటో డైట్ మంచిదా? వే ప్రొటీన్, క్రియాటిన్ పొడులు వాడొచ్చా? రోజూ బీచ్ ఇసుకలో పరుగెడితే సరిపోతుందా? బీపీకి టెల్మిసార్టాన్, హైడ్రోక్లోరోథయజైడ్ కలిసిన మాత్ర వాడుతున్నాను. మోకాళ్ల నొప్పికి ఆటకు ముందు ఎసిక్లోఫెనాక్ వేసుకుంటాను. రెండు మడమల వెనకా పొద్దున్నే పట్టేసినట్టు ఉంటోంది, కాస్త లావెక్కాయి కూడా. ఈమధ్య కైలాసగిరి మెట్లెక్కితే ఛాతీలో గ్యాస్ పట్టేస్తోంది, పాంటాప్రజోల్ వేసుకుంటే పది నిమిషాల్లో తగ్గుతోంది. మా నాన్నగారికి 51వ ఏట గుండెపోటు వచ్చింది.

జవాబు: డైట్ సంగతి తర్వాత మాట్లాడదాం. ముందు ఆ కైలాసగిరి గ్యాస్ సంగతి తేలాలి. పాంటాప్రజోల్ పది నిమిషాల్లో పనిచేసే మందు కాదు. మాత్ర కోసం మీరు ఆగి కూర్చున్నారు, అందుకే తగ్గి ఉంటుంది. శ్రమ చేస్తే పట్టేసి, ఆగితే వదిలేసే ఇబ్బందిని గుండె రక్తనాళాల సమస్యగానే ముందు అనుమానిస్తాం. బీపీ ఉండి, తండ్రికి 51కే గుండెపోటు వచ్చిన మనిషి విషయంలో మరీను. కాదని తేలితే సంతోషం. కానీ అది తేల్చాల్సింది మందుల షాపులో కాదు.

రెండు రోజుల్లో కార్డియాలజిస్టును కలవండి. ఈసీజీ, ఎకో తీస్తారు. ట్రెడ్‌మిల్ పరీక్షా, సీటీ యాంజియోనా అన్నది ఆయన నిర్ణయిస్తారు. పడుకోబెట్టి తీసిన ఈసీజీ బాగుందని ఇంటికొచ్చేయకండి, శ్రమలో వచ్చే ఇబ్బంది అందులో కనపడకపోవచ్చు. అప్పటిదాకా పరుగు, మెట్లు, ఆట అన్నీ బంద్. ఇబ్బంది కూర్చున్నప్పుడు వచ్చినా, ఆగాక కూడా వదలకపోయినా, చెమటలు పట్టినా, చేతికో దవడకో పాకినా 108కి ఫోన్ చేయండి. బైక్ తీసుకుని బయల్దేరొద్దు.

ఇంకో మాట. రెండు మడమల వెనక టెండన్ (అకిలిస్, అంటే పిక్క కండను మడమ ఎముకకు కలిపే తాడు) లావెక్కడం ఆటల వల్లే కావచ్చు. కానీ వంశపారంపర్యంగా కొలెస్ట్రాల్ బాగా ఎక్కువుండే కుటుంబాల్లో అది సరిగ్గా ఆ టెండన్‌లోనే పేరుకుంటుంది. మీ నాన్నగారి గుండెపోటు, మీ ఛాతీ, మీ మడమలు ఒకే దారంలోని పూసలు కావచ్చు. లిపిడ్ ప్రొఫైల్ చేయించండి. ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) 190 దాటితే మీ తోబుట్టువులకూ పిల్లలకూ కూడా పరీక్ష అవసరం. అదే రక్తంతో క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే అంకె), పొటాషియం, హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగర్ సగటు), యూరిక్ యాసిడ్ కూడా చూపించండి. మీ బీపీ మాత్రలోని హైడ్రోక్లోరోథయజైడ్ యూరిక్ యాసిడ్‌ను పెంచగలదు.

ఇక ఆ నొప్పి మాత్ర. ఆటగాళ్లలో ఇది ఎంత మామూలైపోయిందంటే, బూట్లు తొడుక్కున్నట్టు వేసేసుకుంటున్నారు. కిడ్నీలో వడపోత జరగాలంటే లోపలికొచ్చే నాళం తెరుచుకుని ఉండాలి. ఎసిక్లోఫెనాక్ దాన్ని బిగిస్తుంది. బయటికెళ్లే నాళాన్ని టెల్మిసార్టాన్ వదులు చేస్తుంది. రెండూ కలిస్తే వడపోతకు కావాల్సిన ఒత్తిడి పడిపోతుంది. మూడోది, హైడ్రోక్లోరోథయజైడ్, ఒంట్లోని ఉప్పునూ నీటినీ బయటికి పంపేస్తుంది. ఆ పైన విశాఖ ఉక్కపోతలో రెండు గంటల ఆట! మూత్రం తగ్గిందనో కాళ్లు వాచాయనో తెలిసేసరికి ఆలస్యమైపోతుంది, చాలామందికి అదీ తెలియదు. పైగా ఈ రకం మాత్రలు బీపీని పెంచుతాయి, గుండెపోటు ముప్పునూ పెంచుతాయి. మీరు ఆపాల్సింది నొప్పి మాత్రను. బీపీ మాత్రను సొంతంగా ఆపకండి. మోకాలికి ఐస్, తప్పనిసరైతే పారాసిటమాల్ 650; అదీ రోజూ వాడాల్సి వస్తోందంటే మోకాలు చూపించుకోవాల్సిందే.

మీరు రాయలేదు గానీ అడుగుతున్నాను. విరేచనాలైతే షాపులో ఓఫ్లోక్సాసిన్ కొని వేసుకుంటారా? ఈ కుటుంబం యాంటీబయోటిక్స్ టెండన్‌ను బలహీనపరచి తెంపగలవని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2008లోనే తీవ్ర హెచ్చరిక పెట్టించింది. మడమ నొప్పి ఉన్నవాళ్లు డాక్టర్‌కు ఆ సంగతి చెప్పకుండా వీటిని ముట్టుకోకూడదు. మడమ టెండన్‌లోకి స్టెరాయిడ్ ఇంజెక్షన్ కూడా వద్దు. బాస్కెట్‌బాల్ స్టార్ కోబీ బ్రయంట్‌కు 2013లో తెగింది ఈ టెండనే, అప్పటికి ఆయన వయసు 34. తెగినప్పుడు వెనక నుంచి ఎవరో తన్నినట్టు ఉంటుంది. తర్వాత కుంటుతూ నడవగలుగుతారు కాబట్టి బెణికిందనుకుని మర్దన, నాటు కట్టు అంటూ వారాలు గడిపేస్తారు. బోర్లా పడుకోబెట్టి పిక్క నొక్కితే పాదం కదలాలి. కదలకపోతే ఆ రోజే ఆర్థోపెడిక్ డాక్టర్ చూడాలి.

అందుకే ఇసుకలో పరుగు ఇప్పుడు వద్దు. మెత్తటి ఇసుకలో మడమ లోపలికి దిగి టెండన్ మరింత సాగుతుంది. నీటి దగ్గరి గట్టి ఇసుక ఒకవైపు వాలుగా ఉంటుంది, ఒక కాలి మీదే భారం పడుతుంది. గుండె డాక్టర్ సరేనన్నాక బీచ్ రోడ్డు మీద నడక, సైకిల్, ఈత, వీటితో మొదలుపెట్టండి.

టెండన్‌కు విశ్రాంతి ఒక్కటే మందు కాదు, కొలిచి వేసిన బరువు కావాలి. గోడ పట్టుకుని మునివేళ్ల మీద లేచి, మూడు సెకన్లలో పైకి, మూడు సెకన్లలో కిందికి, 15 చొప్పున మూడు సార్లు. రోజు విడిచి రోజు. రెండు కాళ్లతో తేలికైతే ఒక కాలితో, తర్వాత భుజాన బ్యాగులో 5 కిలోలతో. మోకాలు నిటారుగా ఉంచి ఒక విడత, వంచి ఇంకో విడత. నొప్పి మడమ ఎముక మీదే ఉంటే మెట్టు అంచున నిలబడి మడమ కిందికి దించకండి, నేల మీదే చేయండి. చేసేటప్పుడు కాస్త నొప్పి ఉంటే ఫర్వాలేదు. మర్నాడు పొద్దున బిగుతు పెరిగితే బరువు తగ్గించండి. మోకాలి చిప్ప కింద నొప్పైతే గోడకు ఆనుకుని కుర్చీ భంగిమలో 45 సెకన్లు, ఐదు సార్లు. ఊపిరి బిగపట్టకండి, బీపీ ఎగదన్నుతుంది. ఫలితానికి 12 వారాలు పడుతుంది. మూడో వారంలో విసుగొచ్చి మానేసేవాళ్లే ఎక్కువ.

తిండి దగ్గరికొస్తే, మూడు నెలల్లో 10 కిలోలు తొందరపాటు. అందులో కండ కూడా పోతుంది, కండతోపాటే జంప్ పోతుంది. వారానికి అరకిలో చొప్పున 5, 6 కిలోలు చాలు. కీటో వద్దు. కొందరిలో అది ఎల్‌డీఎల్‌ను బాగా పెంచుతుంది, మీదెంతో ఇంకా తెలియదు. పైగా మొదటి వారాల్లో నీరూ ఉప్పూ పోయి, మీ మాత్రతో కలిసి కళ్లు తిరుగుతాయి.

క్రియాటినిన్ మామూలుగా ఉంటే రోజుకు 100 గ్రాముల ప్రొటీన్ చూసుకోండి. పొద్దున రెండు పెసరట్లు, రెండు గుడ్లు కలిపి 25 గ్రాములు దాటుతుంది. మధ్యాహ్నం 150 గ్రాముల చేప, కప్పు పప్పు అంటే 35కు పైనే. వంజరమే కావాలని లేదు, కానాగంతలు చవక, ఒమేగా కొవ్వు దండిగా ఉంటుంది. వేపుడు వద్దు, పులుసు పెట్టించుకోండి. సాయంత్రం బీచ్‌లో బజ్జీల బదులు గుప్పెడు వేయించిన శనగలు. రాత్రి 50 గ్రాముల మీల్ మేకర్‌తో కూర (25 గ్రాములు), కప్పు పెరుగు. అన్నం పూటకు కప్పు, ఒక పూట చోడి (రాగి) రొట్టె. ఎండుచేపలు, ఊరగాయ బాగా తగ్గించాలి, బీపీ మాత్ర పనిని ఆ ఉప్పు చెడగొడుతుంది. కొబ్బరి నీళ్లు ఆరోగ్యమని రోజుకు మూడు బోండాలు తాగకండి. టెల్మిసార్టాన్ వాడుతున్నారు, పొటాషియం రిపోర్టు రానివ్వండి.

ఇలా తింటే వే ప్రొటీన్ అవసరం పెద్దగా ఉండదు. తిండి కుదరని రోజున ఒక స్కూపు. క్రియాటిన్ రోజుకు 3 నుంచి 5 గ్రాములు ఆరోగ్యవంతులకు సాధారణంగా ఇబ్బంది కాదు, కానీ రక్త పరీక్షకు ముందు మొదలుపెట్టకండి. అది కిడ్నీ పాడవకుండానే క్రియాటినిన్ అంకెను పెంచుతుంది, మీ డాక్టర్ తికమకపడతారు. జిమ్‌లో ఇచ్చే ‘ఫ్యాట్ బర్నర్’ పొడులు మాత్రం మీకు నిషేధమే.

చూడకుండా రాస్తున్న సలహా ఇది, మిమ్మల్ని పరీక్షించే డాక్టర్ మాటే తుది మాట. అన్నీ బాగుంటే 8వ వారం దాటాక రెండు కాళ్లతో చిన్న జంపులు, వారానికి రెండు రోజులు, రోజుకు 40కి మించకుండా. టోర్నమెంటుకు పేరు ఇచ్చేముందు ఒంటికాలి మీద మునివేళ్లపై 25 సార్లు లేచి చూడండి, రెండు కాళ్లతోనూ విడివిడిగా. ఏ కాలితోనైనా 20 దగ్గరే ఆగిపోతే ఈ సంక్రాంతికి స్కోరు రాసిపెట్టే పని తీసుకోండి.