లెట్‌తో పని జరుగుతుంటే కాన్‌స్ట్ ఎందుకు?

జావాస్క్రిప్ట్‌లో లెట్‌తో పని జరిగిపోతున్నప్పుడు సీనియర్లు అన్నిచోట్లా కాన్‌స్ట్ రాయమని ఎందుకు పట్టుబడతారని అడిగారు. రెండూ వేరియబుల్‌ని (విలువ పెట్టుకునే పేరుని) ప్రకటించే పదాలే. లెట్‌తో రాస్తే ఆ పేరులో తర్వాత వేరే విలువ పెట్టొచ్చు, కాన్‌స్ట్‌తో రాస్తే పెట్టలేం. మొదట్లో నేనూ అన్నిటికీ లెట్ రాసేవాణ్ణి. ఒక బిల్లు వల్ల పద్ధతి మార్చుకున్నాను.

అప్పుడు షాపుల బిల్లింగ్ యాప్ మీద పనిచేస్తున్నాను. 1000 రూపాయల సరుకుకి 10 శాతం డిస్కౌంట్ ఇస్తే, బిల్లు కింద 'మీకు ఆదా: 100' అని రావాలి. ఎప్పుడు చూసినా 0 వచ్చేది. ఆ ఫంక్షన్ చాలా పొడుగు. పైన 'టోటల్'లో అసలు ధర ఉంది. మధ్యలో ఎవరో డిస్కౌంట్ తీసేసిన 900ని మళ్లీ అదే టోటల్‌లో పెట్టారు. చివర్లో టోటల్‌లోంచి తగ్గింపు ధర తీసేస్తే, 900లోంచి 900 పోయి సున్నా మిగిలేది. ఎర్రర్ ఏమీ రాలేదు కాబట్టి ఆ లైను దొరకడానికి రెండు రోజులు పట్టింది. టోటల్‌ని కాన్‌స్ట్‌గా రాసి ఉంటే, రెండోసారి విలువ పెట్టిన లైను దగ్గరే టైప్‌ఎర్రర్ వచ్చి ఆగిపోయేది.

అప్పటినుంచి ముందు కాన్‌స్టే రాస్తాను. విలువ మార్చాల్సి వస్తే, అది నిజంగా అదే వస్తువా, లేక కొత్త పేరు పెట్టాలా అని చూసుకుంటాను. చాలాసార్లు కొత్త పేరే సరైనది. కౌంటర్లకి మాత్రం లెట్ కావాలి. కాన్‌స్ట్‌తో ఐ ప్లస్ ప్లస్ లూప్ రాస్తే మొదటి పెంపుకే ఎర్రర్ వస్తుంది. ఫర్-ఆఫ్ లూప్‌లో అయితే ప్రతి చుట్టుకీ కొత్త వేరియబుల్ పుడుతుంది కాబట్టి అక్కడ కాన్‌స్ట్ హాయిగా వాడొచ్చు.

ఒక్క విషయంలో జాగ్రత్త. కాన్‌స్ట్ కాపాడేది పేరుని, లోపలి డేటాని కాదు. కాన్‌స్ట్ అర్రేకి (విలువల జాబితాకి) పుష్‌తో కొత్తవి చేర్చొచ్చు, సార్ట్ చేస్తే అసలు అర్రే వరసే మారిపోతుంది. అది వద్దనుకుంటే 2023 ప్రమాణంలో వచ్చిన టుసార్టెడ్ వాడండి, కొత్త అర్రే ఇస్తుంది. లోపలి డేటా మారకుండా ఆపడానికి ఆబ్జెక్ట్.ఫ్రీజ్ ఉంది కానీ పై పొర వరకే, లోపలున్న ఆబ్జెక్టులు మారుతూనే ఉంటాయి.

పాత ప్రాజెక్టులో మొదలుపెట్టాలంటే ఈఎస్‌లింట్ అనే కోడ్ తనిఖీ టూల్‌లో 'ప్రిఫర్-కాన్‌స్ట్' రూల్ ఆన్ చేయండి. ఎక్కడా మారని లెట్‌లను అదే చూపిస్తుంది, ఫిక్స్ ఆప్షన్ ఇస్తే మార్చేస్తుంది కూడా. వేరియబుల్ ప్రకటించే పాత పద్ధతైన వార్‌ల జోలికి అది పోదు. వాటిని మీరు ఒక్కొక్కటిగా చూసి మార్చండి. ఇఫ్ బ్లాకు లోపల ప్రకటించిన వార్‌ని బయట వాడుతున్న కోడ్ ఉంటే, కాన్‌స్ట్ చేయగానే ఆ పేరు బ్లాకు బయట కనబడక రిఫరెన్స్‌ఎర్రర్ వస్తుంది.