పాఠకుల సందేహాలు: ఈసీజీలో గుండె లయ చదవడం

ప్రశ్న: రిథమ్‌ల (గుండె లయల) బొమ్మలన్నీ బట్టీ పట్టాను. పరీక్షలో గుర్తుపడుతున్నాను కానీ వార్డులో ఈసీజీ గీత అచ్చయిన స్ట్రిప్ చేతికొస్తే ఏమీ పాలుపోవడం లేదు. ఎక్కడ మొదలుపెట్టాలి?
– నర్సింగ్ రెండో సంవత్సరం విద్యార్థిని

జవాబు: బొమ్మను బట్టి పేరు పెట్టడం ముందు మానేయండి. ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌లో (గుండె పై గదులు క్రమం లేకుండా అదిరే లయ) ఒక పేషెంటుకు గీత గజగజ వణుకుతుంది, మరొకరికి దాదాపు చదునుగా ఉంటుంది. రెండూ ఒకే రిథమ్. అందుకే ప్రతిసారీ ఒకే వరుసలో అయిదు విషయాలు చూడాలి: బీట్లు సమంగా పడుతున్నాయా, రేటు ఎంత, ప్రతి క్యూఆర్ఎస్ (కింది గదుల సంకేతం గీసే ఎత్తైన మొన) ముందు పి వేవ్ (పై గదుల సంకేతం గీసే చిన్న అల) ఉందా, పీఆర్ (పి మొదలు నుంచి క్యూఆర్ఎస్ మొదలు వరకు ఉండే దూరం) ఎంత, క్యూఆర్ఎస్ వెడల్పు ఎంత. ఈ అయిదూ తేలాక పేరు పెట్టడం కష్టం కాదు.

కాగితం వేగం సెకనుకు 25 మిల్లీమీటర్లు ఉంటే చిన్న గడి 0.04 సెకన్లు, పెద్ద గడి 0.20 సెకన్లు. ఆ వేగం స్ట్రిప్ మీదే అచ్చయి ఉంటుంది, దాన్ని చూడకుండా లెక్క మొదలుపెట్టకండి. మెషీన్‌ను ఎవరైనా 50కి మార్చి వదిలేస్తే మీ లెక్కలో రేటు సగమే వస్తుంది, మామూలు క్యూఆర్ఎస్ కూడా వెడల్పుగా కనిపిస్తుంది.

బీట్లు సమంగా ఉన్నాయో లేదో కంటితో తేల్చకండి. ఒక కాగితం అంచును స్ట్రిప్‌కు ఆనించి వరసగా మూడు ఆర్ మొనల (క్యూఆర్ఎస్‌లో పైకి లేచే మొనల) దగ్గర పెన్నుతో గుర్తులు పెట్టండి. కాగితాన్ని పక్కకు జరుపుతూ పోతే గుర్తులు తర్వాతి మొనల మీద పడుతున్నాయో లేదో తెలిసిపోతుంది. సమంగా ఉంటే రెండు ఆర్‌ల మధ్య పెద్ద గడులతో 300ను భాగించండి. నాలుగు గడులుంటే రేటు 75. సమంగా లేనప్పుడు ఈ లెక్క పనికిరాదు, ఏ రెండు బీట్లు తీసుకుంటే దాన్ని బట్టి రేటు మారిపోతుంది. అప్పుడు 30 పెద్ద గడుల్లో, అంటే 6 సెకన్లలో, క్యూఆర్ఎస్‌లు లెక్కపెట్టి 10తో గుణించండి.

పీఆర్ మూడు నుంచి అయిదు చిన్న గడులు ఉండాలి. క్యూఆర్ఎస్ మూడు చిన్న గడుల కంటే తక్కువ ఉండాలి.

ప్రశ్న: హార్ట్ బ్లాకుల్లో (పై గదుల సంకేతం కింది గదులకు సరిగా దిగకపోవడం) వెంకీబాక్, మోబిట్జ్ టైప్ 2, కంప్లీట్ బ్లాక్ మూడూ కలిసిపోతున్నాయి. తేడా పట్టుకునే మార్గం ఉందా?

జవాబు: ఉంది. క్యూఆర్ఎస్‌లను కాసేపు పక్కన పెట్టి పి వేవ్‌ల వెంట పడండి. ఇందాకటి కాగితంతోనే రెండు పి వేవ్‌లకు గుర్తులు పెట్టి, అదే దూరంలో ముందుకు జరపండి. కొన్ని పి వేవ్‌లు టి వేవ్‌లోనో (క్యూఆర్ఎస్ తర్వాత వచ్చే అల) క్యూఆర్ఎస్‌లోనో దాక్కుంటాయి. గుర్తు పడిన చోట టి వేవ్ మిగతావాటికంటే కొంచెం ఉబ్బి కనిపిస్తే అక్కడ పి ఉన్నట్టే.

తర్వాత క్యూఆర్ఎస్ రాకుండా ఒంటరిగా మిగిలిన పి వేవ్ దగ్గర ఆగండి. దానికి ముందు బీట్ పీఆర్‌ను, దాని తర్వాతి బీట్ పీఆర్‌ను కొలవండి. ముందుది పొడవుగా, తర్వాతది పొట్టిగా ఉంటే వెంకీబాక్. రెండూ సమానంగా ఉంటే టైప్ 2. పీఆర్ కొద్దికొద్దిగా పెరగడాన్ని బీట్ బీట్‌కూ వెతుక్కోవడం కంటే ఈ రెండిటినే పోల్చడం మేలు, తేడా ఎక్కువగా కనిపించేది అక్కడే.

కంప్లీట్ బ్లాక్‌లో పి వేవ్‌లు తమ వేగంతో సమంగా పోతుంటాయి, క్యూఆర్ఎస్‌లు అంతకంటే నెమ్మదిగా, అవీ సమంగా పడుతుంటాయి. రెండిటికీ పొంతన ఉండదు, పీఆర్ ప్రతిసారీ మారుతుంది. పీఆర్ మారడం చూసి వెంకీబాక్ అనేస్తారు చాలామంది. వెంకీబాక్‌లో బీట్లు గుంపులు గుంపులుగా వచ్చి మధ్యలో ఖాళీ వస్తుంది. పీఆర్ మారుతున్నా ఆర్‌ల మధ్య దూరం మారకపోతే కంప్లీట్ బ్లాక్‌ను అనుమానించండి.

రెండు జాగ్రత్తలు. ప్రతి రెండో పి ఆగిపోతుంటే పోల్చడానికి వరసగా రెండు పీఆర్‌లు దొరకవు, అది ఏ రకమో ఆ స్ట్రిప్‌తో తేల్చలేం. పొడవైన స్ట్రిప్ తీయండి. రెండోది, ఒంటరి పి వేవ్ తన సమయానికే వచ్చిందా, ముందే వచ్చిందా చూడండి. ముందే వచ్చినదైతే అది ఏట్రియంలో (పై గదిలో) పుట్టిన అకాల బీట్ కిందికి దిగకపోవడం. దాన్ని టైప్ 2 అని రాస్తే పేషెంటును అనవసరంగా పేస్‌మేకర్ చర్చలోకి నెట్టినట్టవుతుంది.

టైప్ 2, కంప్లీట్ బ్లాక్ కనిపిస్తే బీపీ బాగున్నా వెంటనే డాక్టరుకు చెప్పాలి, పేసింగ్ ప్యాడ్లు (ఛాతీకి అతికించి గుండెను కొట్టించేవి) మంచం దగ్గరికి తేవాలి. టైప్ 2లో అడ్డంకి ఏవీ నోడ్ (పై గదుల సంకేతాన్ని కిందికి దాటించే చోటు) కింద ఉంటుంది కాబట్టి గుండె వేగం పెంచే మందు అట్రోపిన్ పని చేయకపోవచ్చు, దాని మీదే భరోసా పెట్టుకోకూడదు.

ప్రశ్న: రేటు 150 ఉండి క్యూఆర్ఎస్ సన్నగా ఉంటే ఏమనుకోవాలి?

జవాబు: 150 దగ్గర కదలకుండా ఉంటే ఏట్రియల్ ఫ్లట్టర్‌ను తప్పక వెతకండి. ఏట్రియం సుమారు 300 కొడుతూ రెండింట ఒకటే కిందికి దిగితే వచ్చే రేటు అదే. సైనస్ టాకీకార్డియా (మామూలు లయే వేగంగా నడవడం) అయితే రేటు మెల్లగా పెరిగి మెల్లగా తగ్గుతుంది, వెనక జ్వరమో నొప్పో రక్తస్రావమో ఉంటుంది. ఎస్‌వీటీ (కింది గదులకు పైన పుట్టే వేగపు లయ) ఉన్నట్టుండి మొదలై ఉన్నట్టుండి ఆగుతుంది. అదే క్యూఆర్ఎస్ వెడల్పుగా ఉండి వేగంగా పోతుంటే, కాదని తేలేవరకూ వీటీ (కింది గదుల్లో పుట్టే వేగపు లయ) అనే అనుకోవాలి.

ప్రశ్న: మానిటర్ వీఎఫ్ అని అలారం కొట్టింది, పేషెంటేమో మాట్లాడుతున్నారు. ఎందుకలా?

జవాబు: వీఎఫ్ అంటే కింది గదులు ఊరికే అదురుతూ రక్తం పంపలేకపోవడం, మాట్లాడుతున్న మనిషికి అది ఉండదు. వణుకు, పళ్లు తోముకోవడం, ఊడిపోతున్న ఎలక్ట్రోడ్ అచ్చం వీఎఫ్, వీటీల్లాంటి గీతలే గీస్తాయి. ఆ గజిబిజిలో పాత వేగంతోనే సన్నని ఆర్ మొనలు పొడుచుకొస్తున్నాయేమో చూడండి. ఆక్సిమీటర్ తరంగం సమంగా నడుస్తుంటే అదీ ఒక ఆధారం. చర్మం మీది వెంట్రుకలు కత్తిరించి, చెమట తుడిచి ఆరనిచ్చి, జెల్ ఎండిపోని కొత్త ఎలక్ట్రోడ్ అతికిస్తే చాలావరకు సర్దుకుంటుంది.

మానిటర్ చూపే రేటు చేతికందే నాడికి రెట్టింపు ఉంటే, అది ఎత్తైన టి వేవ్‌లను కూడా బీట్లుగా లెక్కపెడుతుండవచ్చు. లీడ్ (మానిటర్ గుండెను చూసే కోణం) మార్చండి. అయితే ఆ టి వేవ్‌లు మొనదేలి ఉంటే పొటాషియం పెరిగిందేమోనన్న అనుమానంతో డాక్టరుకు చెప్పండి.

పేషెంటు స్పందించకుండా, శ్వాస సరిగా లేకుండా ఉంటే తీగలు సర్దుతూ కూర్చోకండి. సాయానికి పిలుస్తూనే నాడి చూడండి. 10 సెకన్లలోపు నాడి స్పష్టంగా అందకపోతే సీపీఆర్ మొదలుపెట్టాలి. వీఎఫ్‌కు, నాడి లేని వీటీకి షాక్ ఇస్తారు. గీత చదునుగా ఉన్నప్పుడు ఇవ్వరు, కానీ అది నిజంగా చదునేనా అని సీపీఆర్ ఆపకుండా మరొకరు లీడ్ తీగలు, గెయిన్ (తెర మీద గీత ఎత్తు అమరిక), ఇంకో లీడ్ చూడాలి. తెర మీద లయ చక్కగా కనిపిస్తూ నాడి అందకపోతే అదీ కార్డియాక్ అరెస్టే. దానికి షాక్ పనిచేయదు, సీపీఆర్, అడ్రినలిన్ ఇస్తూ కారణాన్ని వెతకాలి.