చెన్నై నుంచి కాకినాడకి భార్యాభర్తలిద్దరం కాలవలోనే పడవ మీద వెళ్లొచ్చా?

ఇప్పుడైతే కుదరదండి. ఒకప్పుడు బకింగ్‌హాం కాలవలో పులికాట్ మీదుగా పెదగంజాం దాకా వెళ్లి, అక్కణ్ణించి కృష్ణా, గోదావరి డెల్టా కాలవలు పట్టుకుని కాకినాడ చేరేవాళ్లు, మద్రాసుకి ఉప్పు, వంటచెరకు కూడా పడవల్లోనే వచ్చేవి. ఇప్పుడు సిటీలో కాలవ మధ్యలోనే పైన నడిచే ఎంఆర్‌టీఎస్ లోకల్ రైలు స్తంభాలున్నాయి, ఇక నీళ్లంటారా, అంతా మురుగే, మైలాపూర్ వైపు ముక్కు మూసుకోవాల్సిందే. 2008లో ఈ కాలవ దారినే జాతీయ జలమార్గం-4 అని ప్రకటించారు గానీ చెన్నైలో ఒరిగిందేం లేదు. నిజంగా నీళ్లమీదే లాంగ్ ట్రిప్ కావాలంటే రాత్రి రైలెక్కి కేరళ వెళ్లిపోండి, కొల్లం నుంచి కొట్టపురం దాకా 168 కిలోమీటర్లు తీరం వెంబడే జలమార్గం ఉంది, హౌస్‌బోట్ అలెప్పీలో మాట్లాడుకోవచ్చు, కాకపోతే రాత్రిళ్లు చేపల వలలు వేస్తారని సాయంత్రానికే ఎక్కడో కట్టేస్తారు, లీవ్ కాస్త ఎక్కువే పెట్టండి.