పాత టేకు కిటికీలు తీసేయాలా?

ప్రశ్న: కావలిలో మా తాతగారి ఇంటి టేకు కిటికీలు వానలకు బిగుసుకుపోతున్నాయి, రంగు పెచ్చులూడుతోంది. తీసేసి కొత్తవి పెట్టించమంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: దయచేసి తీయొద్దండీ. అంత పాత టేకు మళ్లీ దొరకడం కష్టం. స్క్రూడ్రైవరుతో గుచ్చి చూడండి, మెత్తగా దిగిన చోటే పుచ్చినట్టు, ఆ పుచ్చు నీళ్లు నిలిచే కింది మూలల్లోనే ఎక్కువగా ఉంటుంది, అంతవరకే కోయించి పాత టేకు ముక్క అతికించమనండి. రెక్కలు పట్టేశాయని ఇప్పుడే చిత్రిక పట్టించొద్దు, మన నెల్లూరు వైపు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలకు చెక్క ఉబ్బుతుంది, అప్పుడు చెక్కితే ఎండాకాలంలో సందులు పడతాయి. మార్చి దాకా ఆగండి. అన్నిటికంటే ముఖ్యం, పాత రంగులో సీసం అనే విషలోహం ఉండొచ్చు కాబట్టి పొడిగా రుద్దకుండా తడిపి గీకించండి, ఆ పని అయ్యేదాకా పిల్లల్ని అటు రానివ్వకండి.