ప్రభుత్వ డబ్బుతో చేసిన రొయ్యల పరిశోధన చదవడానికి మళ్లీ డబ్బు కట్టాలా?

ఇందుకూరుపేటలో రొయ్యల చెరువు ఉన్న మీకు, వైట్‌స్పాట్ (రొయ్యలకు వచ్చే తెల్లమచ్చల వైరస్ జబ్బు) మీద ప్రభుత్వ శాస్త్రవేత్తలు రాసిన పేపర్‌కు జర్నల్ డబ్బు అడిగితే కోపం రావడం న్యాయమే. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం ప్రభుత్వ రచనపై హక్కు మామూలుగా ప్రభుత్వానిదే, ప్రచురించాక 60 ఏళ్లు. కానీ జర్నల్‌లో వేసేటప్పుడు చాలాసార్లు హక్కులు ప్రచురణ సంస్థకు రాసిచ్చేస్తారు. చిక్కంతా అక్కడే. జర్నళ్లకు కేంద్రమే చందా కట్టే 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్' పథకం కూడా ప్రభుత్వ విద్యా, పరిశోధన సంస్థలకే. పన్ను కట్టే రైతును గేటు బయట ఉంచడం నాకు అస్సలు నచ్చలేదు.

అయితే కాపీరైట్ రాసిన తీరుకే, అందులోని విషయానికి కాదు. పేటెంట్ లేకపోతే ఆ పద్ధతి చెరువులో వాడుకోవచ్చు, మీ మాటల్లో పదిమందికీ చెప్పొచ్చు. భారత వ్యవసాయ పరిశోధన మండలి 2013 విధానం ప్రకారం దాని శాస్త్రవేత్తలు పేపర్ ప్రతిని అందరికీ ఉచితంగా అందుబాటులో ఉంచాలి. ఆ ప్రతులు దాచే ఆన్‌లైన్ భాండాగారం 'కృషికోశ్'లో వెతకండి. దొరక్కపోతే రచయితకే మెయిల్ పెట్టి అడగండి.